పచ్చనివన్నీ పచ్చిక కాదు: గడ్డినేలలను ఛాయాచిత్రాలు ఎలా కొలుస్తున్నాయి?

మే నెలలో కచ్ ప్రాంతపు ఉపగ్రహ చిత్రాన్ని చూస్తే, ఉప్పు పేరుకున్న మహా రణ్‌కు దక్షిణాన ఉన్న బన్నీ మైదానంలో దట్టమైన పచ్చని మచ్చలు కనిపిస్తాయి. వాటి చుట్టూ నేల ఎండి, బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. గుజరాత్‌లోని ఆ మైదానం గడ్డికి, పశువులకు పేరుపొందినదని విన్నవారు, మండుటెండలోనూ పచ్చిక మిగిలిన చోట్లు అవేనని భావించడం సహజం. వాస్తవం దాదాపు అందుకు విరుద్ధంగా ఉంది. బన్నీలో గడ్డి వానలకు మొలిచి, శీతాకాలం నాటికి పసుపుబారి, వేసవికి ఎండిపోతుంది. మే నెలలో అంత దట్టంగా, పచ్చగా నిలిచేది ప్రధానంగా సర్కారు తుమ్మ. పచ్చికను తోసివేసి దాని చోటును ఆక్రమించిన ముళ్లచెట్టు అది.

తెల్లనివన్నీ పాలు కావని పెద్దలు అంటారు. చిత్రంలో పచ్చనివన్నీ పచ్చిక కాదని గడ్డినేలలను అధ్యయనం చేసేవారు అంటారు. మొబైల్ ఫోన్‌తో తీసిన ఫోటో మొదలుకొని డ్రోన్, ఉపగ్రహ చిత్రాల దాకా, గడ్డినేలల స్థితిగతులను ఇప్పుడు ఎక్కువగా చిత్రాల ఆధారంగానే అంచనా వేస్తున్నారు. ఎక్కడ మేత ఉంది, ఎక్కడ నేల క్షీణించింది, ఎక్కడ మొక్కలు నాటాలి అనే నిర్ణయాలకు ఆ అంచనాలే మూలం. పచ్చిక బయళ్లు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా 2026ను ఐక్యరాజ్యసమితి ప్రకటించడంతో ఈ అంశానికి ప్రాధాన్యం మరింత పెరిగింది. ఇంతకీ గడ్డిని తీసిన ఫోటో దేన్ని కొలవగలదు? దేన్ని కొలవలేదు?

చట్రం నుంచి కెమెరాకు

గడ్డిని కొలిచే పాత పద్ధతి సులభమైనది, శ్రమతో కూడినది. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల చతురస్రాకారపు చట్రాన్ని నేలపై పరుస్తారు. పరిశీలకుడు దాని పక్కన మోకాళ్లపై కూర్చుని, లోపల ఏయే మొక్కలున్నాయో, ఒక్కొక్కటి ఎంత మేర నేలను కప్పిందో కంటితో అంచనా వేసి రాసుకుంటాడు. ఆపై మరికొంత దూరం నడిచి మళ్లీ చట్రం పరుస్తాడు. బరువు కూడా కావాలనుకుంటే చట్రంలోని గడ్డిని నేల మట్టానికి కోసి, ఓవెన్‌లో ఆరబెట్టి తూకం వేస్తాడు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, కాలం: వేల హెక్టార్ల మైదానంలో మనిషి ఒక్క రోజులో పరచగల చట్రాలు కొన్ని మాత్రమే. రెండోది, కంటి అంచనా: ఒకే చట్రాన్ని చూసి ఒకరు 40 శాతం గడ్డి అంటే మరొకరు 55 శాతం అనవచ్చు. ఉదయం చురుకుగా ఉన్న మనిషే మిట్టమధ్యాహ్నం మరో అంకె చెప్పవచ్చు. పైగా ఆ అంచనాను తర్వాత సరిచూసే వీలుండదు. గడ్డి పశువు కడుపులోకి చేరాక మిగిలేది నోటు పుస్తకంలోని అంకె ఒక్కటే.

ఫోటో ఈ రెండో చిక్కును చాలావరకు తీరుస్తుంది. కర్రకు కెమెరా బిగించి, ఎప్పుడూ ఒకే ఎత్తు నుంచి, నిట్టనిలువుగా కిందికి చూపుతూ చిత్రం తీస్తారు. పదేళ్ల తర్వాత మరో పరిశోధకుడు అదే చిత్రాన్ని తెరిచి మళ్లీ లెక్కించవచ్చు. గడ్డినేలల అధ్యయనానికి డిజిటల్ చిత్రం చేసిన అసలైన మేలు ఇదేనని చెప్పాలి. వేగం గురించి ఎక్కువగా మాట్లాడుకుంటాం గానీ, సాక్ష్యం మిగలడమే పెద్ద మార్పు.

మూడు అంకెల ఆట

కంప్యూటర్‌కు గడ్డి అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు మూడు అంకెలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల తీవ్రతను సున్నా నుంచి 255 వరకు ఆ అంకెలు సూచిస్తాయి. లేత ఆకు మీద పడిన ఒక పిక్సెల్‌లో ఎరుపు 90, ఆకుపచ్చ 140, నీలం 60 ఉన్నాయనుకుందాం. ఆకుపచ్చ అంకెను రెట్టింపు చేసి, దాని నుంచి మిగిలిన రెంటినీ తీసివేస్తే 130 వస్తుంది. దీన్ని అధిక హరిత సూచిక అంటారు. పొడి మట్టి పిక్సెల్‌లో ఎరుపు 150, ఆకుపచ్చ 120, నీలం 90 ఉంటే అదే లెక్క సున్నాకు చేరుతుంది. ఈ రెంటి నడుమ ఒక గీత గీసి, గీతకు పైనున్న పిక్సెళ్లను మొక్కగానూ కిందనున్నవాటిని నేలగానూ లెక్కిస్తే, చిత్రంలో ఎంత శాతం పచ్చదనం ఉందో క్షణాల్లో తేలుతుంది.

అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు రూపొందించిన కానోపియో అనే మొబైల్ యాప్ ఈ సూత్రంపైనే పనిచేస్తుంది. అధిక హరిత సూచిక 20కి మించి ఉండాలన్నది దానిలో ఒక నిబంధన. దానికి తోడు, ఎరుపును ఆకుపచ్చతో భాగిస్తే వచ్చే నిష్పత్తి, నీలాన్ని ఆకుపచ్చతో భాగిస్తే వచ్చే నిష్పత్తి, రెండూ 0.95 కంటే తక్కువగా ఉండాలి. ఈ మూడు షరతులకూ లోబడిన పిక్సెల్‌నే అది పచ్చని మొక్కగా పరిగణిస్తుంది.

ఇప్పుడు ఎండుగడ్డి పిక్సెల్ ఒకటి తీసుకుందాం: ఎరుపు 190, ఆకుపచ్చ 175, నీలం 120. సూచిక 40 వస్తుంది కనుక మొదటి షరతు దాటినట్టే. కానీ ఎరుపును ఆకుపచ్చతో భాగిస్తే 1.08 దాటుతుంది. యాప్ దాన్ని మొక్క కాదని పక్కన పెడుతుంది. పచ్చని పైరును కొలవడానికి పుట్టిన సూత్రం కనుక అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా దాన్ని మన దేశపు గడ్డినేల మీదికి యథాతథంగా తెచ్చినప్పుడే వస్తుంది.

ఎండుగడ్డి ఎవరి లెక్కలో ఉంది?

అర్ధశుష్క ప్రాంతాల్లోని మన పచ్చిక బయళ్లు ఏడాదిలో కొద్ది నెలలే పచ్చగా ఉంటాయి. నైరుతి రుతుపవనాలు వెళ్లిపోయాక గడ్డి గింజ కట్టి, రంగు మారి, నిలువునా ఎండుతుంది. పశువుకు అది మేతగా పనికిరాకుండా పోదు. వేసవి గట్టెక్కించేది ఆ నిలువు ఎండుగడ్డే. పచ్చని పిక్సెళ్లను మాత్రమే లెక్కించే పద్ధతి డిసెంబరు చిత్రంలో ‘మొక్కలు స్వల్పం’ అని చెబితే, పశువుల కాపరి అదే చోట మూడు నెలల మేత ఉందని చెప్పవచ్చు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. వారు లెక్కించిన వస్తువులు వేరు.

పైనుంచి చూసినప్పుడు ఎండుగడ్డి రంగు మట్టి రంగుకు చాలా దగ్గరగా ఉంటుంది. రెంటినీ నమ్మకంగా విడదీయాలంటే కంటికి కనిపించని కాంతి అవసరం. ఎండిన మొక్కలోని సెల్యులోజ్ సుమారు 2,100 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద కాంతిని ప్రత్యేకంగా శోషిస్తుంది. మట్టిలో ఆ లక్షణం కనిపించదు. అయితే దాన్ని పట్టుకోగల సెన్సర్లు ఖరీదైనవి. చేతిలోని ఫోన్ కెమెరాకు ఆ శక్తి లేదు.

అందుకే కొందరు శాస్త్రజ్ఞులు లెక్కను కంప్యూటర్‌కు, గుర్తింపును మనిషికి అప్పగించారు. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2006లో ప్రచురించిన శాంపుల్‌పాయింట్ సాఫ్ట్‌వేర్ ఇందుకు ఉదాహరణ. అది చిత్రంపై, ఉదాహరణకు, 100 బిందువులను పరుస్తుంది. ఒక్కో బిందువును పెద్దదిగా చేసి చూపుతూ, కింద ఉన్నది పచ్చగడ్డా, ఎండుగడ్డా, రాయా, మట్టా, నీడా అని అడుగుతుంది. మనిషి మీట నొక్కి జవాబిస్తాడు. వందలో 37 బిందువులు ఎండుగడ్డి మీద పడితే ఆ చట్రంలో దాని వ్యాప్తి సుమారు 37 శాతం. పాతకాలపు పద్ధతిలా కనిపించినా, బిందువు స్థానాన్ని మనిషి ఇష్టానికి వదలకపోవడం దీని బలం.

ఇక మెషీన్ లెర్నింగ్ సంగతి. ముందుగా గుర్తించి పేర్లు పెట్టిన వేలాది చిత్రాలను చూపి కంప్యూటర్‌కు శిక్షణ ఇస్తారు. ఆపై కొత్త చిత్రంలో ఏది గడ్డి, ఏది కలుపు అని అదే విడదీస్తుంది. వెడల్పాటి ఆకులతో, తెల్లని పూలతో ఉండే వయ్యారిభామను గడ్డి నుంచి వేరు చేయడం దానికి అంత కష్టం కాదు. ఒక గడ్డిని మరో గడ్డి నుంచి వేరు చేయడమే కష్టం. గడ్డిజాతులను వృక్షశాస్త్రవేత్తలు ప్రధానంగా వెన్ను, గింజల అమరికను బట్టి గుర్తిస్తారు. పైనుంచి తీసిన చిత్రంలో కనిపించేవి మాత్రం సన్నని ఆకులు. అన్నిటికంటే ముందు, శిక్షణ చిత్రాలకు సరైన పేర్లు పెట్టే మనిషి ఉండాలి. గరికను, దర్భను, తుంగను చూడగానే చెప్పగలవారు విశ్వవిద్యాలయాల్లో తగ్గుతున్నారు. నేర్పేవారికి తెలియని పేరు యంత్రానికీ తెలియదు.

పచ్చిక బయలులో పుట్టిన సూచిక

ఆకాశం నుంచి మొక్కలను కొలిచే పద్ధతుల్లో అత్యంత ప్రసిద్ధమైనది ఎన్‌డీవీఐ అనే సూచిక. నేడు పంటల బీమా నుంచి కరవు హెచ్చరికల దాకా ఎన్నో చోట్ల వినిపించే ఈ పేరుకు గడ్డినేలలతో జన్మసంబంధం ఉంది. ఇప్పుడు ల్యాండ్‌శాట్-1గా పిలిచే ఉపగ్రహాన్ని అమెరికా 1972 జులై 23న ప్రయోగించింది. దాని చిత్రాలతో మధ్య అమెరికాలోని మహా మైదానాల్లో పచ్చిక ఎప్పుడు మొలుస్తోంది, ఎప్పుడు ఎండుతోంది అని తెలుసుకునేందుకు టెక్సాస్‌కు చెందిన జాన్ రౌస్ బృందం చేసిన ప్రయత్నంలో ఈ సూచిక రూపుదిద్దుకుంది.

సూత్రం తేలికైనదే. ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని ఎక్కువగా శోషించుకుంటుంది. ఆకు కణజాలం సమీప పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఈ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే -1 నుంచి +1 మధ్య ఒక అంకె వస్తుంది. పచ్చని ఆకుల గుంపు పరారుణంలో 50 శాతం, ఎరుపులో 8 శాతం కాంతిని పరావర్తనం చేస్తే సూచిక 0.72. వట్టి నేల 30, 24 శాతం చొప్పున పరావర్తనం చేస్తే 0.11. ఎండుగడ్డి 34, 24 శాతమైతే 0.17. చివరి రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించవచ్చు. నేలపై ఫోన్ ఎదుర్కొన్న చిక్కునే ఆకాశంలో ఉపగ్రహమూ ఎదుర్కొంటోంది.

గడ్డి పలుచగా ఉన్నచోట కింది మట్టి రంగు కూడా ఈ అంకెను మార్చివేస్తుంది. నల్లరేగడి మీద ఒక విలువ, ఎర్రనేల మీద మరో విలువ వస్తుంది. దీన్ని సరిదిద్దేందుకు 1988లో ఆల్‌ఫ్రెడో హ్యూటే మట్టి ప్రభావాన్ని తగ్గించే మరో సూచికను ప్రతిపాదించారు. మరోవైపు మొక్కలు బాగా దట్టమైనచోట ఎన్‌డీవీఐ ఒక స్థాయి దాటి పెరగదు. పలుచటి గడ్డికీ, దట్టమైన గడ్డికీ ఒకే కొలబద్ద కుదరదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పరిమాణం మరో సంగతి. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక పిక్సెల్ అంటే నేలపై 30 మీటర్ల చదరం, అంటే 900 చదరపు మీటర్లు. మోకాళ్లపై కూర్చుని పరిశీలించే చట్రాలు 900 పట్టేంత చోటును ఉపగ్రహం ఒకే అంకెగా మార్చి ఇస్తుంది. ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన సెంటినెల్-2 చిత్రాల్లో ఈ చదరం 10 మీటర్లకు తగ్గింది. అయినా ఒక గడ్డి దుబ్బును చూడాలంటే ఇంకా కిందికి దిగాలి. ఆ మధ్య మెట్టు డ్రోన్‌ది. ఒకదానిపై ఒకటి కొంత మేర పడేలా అది తీసిన చిత్రాలను కలిపి నేల ఉపరితలపు త్రిమితీయ నమూనా తయారు చేయవచ్చు. దాని నుంచి గడ్డి ఎత్తు, ఎత్తు నుంచి మేత బరువు అంచనాకు వస్తాయి. ఆ అంచనా నిజమో కాదో తెలియాలంటే చివరికి ఎవరో ఒకరు కొడవలితో కొంత గడ్డి కోసి తూచక తప్పదు.

బన్నీ చిత్రం చెప్పిన కథ

సర్కారు తుమ్మ తెలుగు పాఠకులకు కొత్త కాదు. అమెరికా ఖండాలకు చెందిన ఈ చెట్టు మన దేశానికి రావడంలో కడప జిల్లాకు చోటుంది. 1870ల చివర్లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో కమలాపురం ప్రాంతంలో దీన్ని నాటారు. చెరువు గట్ల మీద, బీళ్లలో దీని కంపను కొట్టి కొట్టి విసిగిన రైతులకు దాని మొండితనం గురించి వేరే చెప్పనవసరం లేదు. ఉప్పు రణ్ ముందుకు చొచ్చుకురాకుండా ఆపాలన్న ఉద్దేశంతో గుజరాత్ అటవీ శాఖ 1960ల తొలినాళ్లలో బన్నీలో ఈ చెట్లను విస్తారంగా పెంచింది. దాని కాయలు తీపిగా ఉంటాయి. పశువులు తిని పేడతో విత్తనాలను మైదానమంతా చల్లాయి. సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల బన్నీలో సగం వరకు అది ఆక్రమించిందని అంచనాలున్నాయి. స్థానికులు దాన్ని గాండో బావల్ అంటారు. పిచ్చి తుమ్మ అని అర్థం.

నష్టపోయినవారు మాల్ధారీలు. వారి బన్నీ గేదె 2010లో ప్రత్యేక జాతిగా అధికారిక గుర్తింపు పొందింది. రాత్రిపూట బయళ్లలో మేసి తెల్లవారేసరికి ఇల్లు చేరడం ఆ గేదెల అలవాటు. గడ్డి తగ్గినకొద్దీ కొన్న మేతపై ఆధారపడాల్సి వచ్చింది. కొందరు తుమ్మను కాల్చి బొగ్గు చేసి బతుకుతున్నారు. అంటే అదే చెట్టు ఒకరి మేతను మింగింది, మరొకరికి కూలి ఇచ్చింది. దాన్ని పూర్తిగా తీసివేయాలా, కొంత ఉంచాలా అన్నది బన్నీలో ఇప్పటికీ తేలని వాదం. చిత్రాలు ఆ వాదాన్ని తీర్చలేవు.

చెట్టు ఎక్కడుంది, గడ్డి ఎక్కడుంది అన్నది మాత్రం చెప్పగలవు. ఒక్క చిత్రంతో కాదు, ఏడాది పొడవునా తీసిన చిత్రాల వరుసతో. గడ్డి ఉన్న పిక్సెల్‌లో సూచిక వానలకు లేచి, చలికాలానికి పడిపోయి, మే నాటికి నేల విలువను తాకుతుంది. తుమ్మ ఉన్న పిక్సెల్‌లో అది అంతగా పడదు. సెప్టెంబరు చిత్రంలో రెండూ పచ్చగానే ఉంటాయి. మే చిత్రంలో మాత్రం వేరు పడతాయి. ఒక్క ఏడాదిలో వచ్చిన మార్పును వానలేమికి ఆపాదించవచ్చు. 20, 30 ఏళ్ల వరుసలో వేసవి పచ్చదనం అంచు జరుగుతూ పోతే అది తుమ్మ నడకే. సూచికను ఏడాది సగటుగా మాత్రమే చూసేవారికి బన్నీ ‘పచ్చబడుతున్నట్టు’ కనిపిస్తుంది. అదే అంకెలను నెలలవారీగా చూస్తే పచ్చిక తరిగిపోతున్నట్టు తెలుస్తుంది.

అడవి లెక్క, బంజరు లెక్క

దీని ప్రభావం ప్రభుత్వ పటాల మీద కూడా ఉంటుంది. భారత అటవీ సర్వే నిర్వచనం ప్రకారం హెక్టారుకు మించిన విస్తీర్ణంలో చెట్ల నీడ 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, ఏ జాతి చెట్టయినా, ఎవరి భూమైనా, అది అటవీ విస్తీర్ణమే. ఉపగ్రహ చిత్రంలో తుమ్మ పొద ఈ పరీక్షలో నెగ్గగలదు. ఆరోగ్యంగా ఉన్న గడ్డినేల నెగ్గలేదు. దానిలో చెట్లు లేకపోవడమే దాని లక్షణం.

అడవి కానిది తరచూ బంజరు ఖాతాలో చేరుతుంది. కేంద్ర భూవనరుల విభాగం, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా రూపొందించిన 2019 నాటి బంజరు భూముల అట్లాస్ దేశంలో 5.57 లక్షల చదరపు కిలోమీటర్లను, అంటే మొత్తం విస్తీర్ణంలో 16.96 శాతాన్ని ఆ పేరుతో చూపింది. అందులో మంచు కప్పిన ప్రాంతాలు, రాతినేలలతోపాటు తుప్పలున్న నేలలు, క్షీణించిన మేత భూములు కూడా ఉన్నాయి. శిస్తు రాని భూమిని పనికిరానిదిగా చూసిన వలస పాలన నాటి దృష్టి ఈ పేరులో మిగిలింది. లెక్కకు బయటి భూమి అనే అర్థంలో తమిళం నుంచి మనకు వచ్చిన ‘పోరంబోకు’ తెలుగులో తిట్టుగా స్థిరపడింది. భూమికి పెట్టిన పేరు మనిషిదాకా పాకింది.

దీనికి భిన్నమైన పటాన్ని కూడా అదే ఉపగ్రహ చిత్రాలతో గీయవచ్చని ఎం.డి. మధుసూదన్, అబీ తమీమ్ వనక్ చూపారు. అర్ధశుష్క ప్రాంతాల్లోని గడ్డినేలలు, పొదనేలలు, బోడి గుట్టల వంటివాటిని సహజమైన బయలు ఆవరణ వ్యవస్థలుగా గుర్తించి వారు పటం తయారు చేశారు. దేశ భూభాగంలో సుమారు పదో వంతు ఇలాంటివేనని, అందులో రక్షిత ప్రాంతాల పరిధిలో ఉన్నది 5 శాతం లోపేనని వారి అధ్యయనం తేల్చింది. మొక్కలు నాటే పథకాలకైనా, సౌర విద్యుత్ పలకలకైనా ముందుగా ‘ఖాళీ’గా కనిపించేవి ఈ నేలలే.

రక్షించిన చోట కూడా ఒక్క పచ్చదనపు శాతమే చాలదు. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేకపిట్ట కోసం ఏర్పడింది. ఆ పక్షికి దూరం దాకా కనిపించే బయలు కావాలి. మగపక్షి జతకోసం ప్రదర్శన చేసేది పొట్టి గడ్డి ఉన్న చోట. గుడ్డు పెట్టేందుకు కొంత చాటు కావాలి. 60 శాతం గడ్డి కప్పిన నేల అన్నప్పుడు ఆ గడ్డి చీలమండ ఎత్తుందా, నడుము ఎత్తుందా అన్నది పైనుంచి తీసిన ఫోటో చెప్పదు. పక్షికి మాత్రం ముఖ్యమైన తేడా అదే.

ఫోన్‌తో చేయదగిన పని

ఇన్ని పరిమితుల మధ్య కూడా, ఖర్చు లేకుండా చేయగల పని ఒకటుంది. మేత భూమిలో ఒక గూటం పాతి, ప్రతి ఏటా అదే చోట నిలబడి అదే దిక్కుకు ఒక చిత్రం, కిందికి నిలువుగా మరొకటి తీసి ఉంచడం. దీన్నే స్థిరబిందు ఛాయాచిత్రణం అంటారు. నీడలు అడ్డురాకుండా ఉండాలంటే పల్చటి మబ్బు పట్టిన వేళ మేలు. ఎండ ఉంటే ప్రతిసారీ ఒకే సమయం పాటించాలి. గాలి వీస్తున్నప్పుడు గడ్డి వంగి ఎక్కువ నేలను కప్పినట్టు కనిపిస్తుంది. ఏడాదికి ఒక్కసారే వీలైతే గడ్డి వెన్ను వేసే కాలం ఎంచుకోవాలి, జాతులను గుర్తించేందుకు అదే అనువైన కాలం. రెండుసార్లు వీలైతే రెండోది మే నెలలో తీయాలి.

చిత్రంతోపాటు కాగితంపై తేదీ, ఆ ఏడాది తొలివాన ఎప్పుడు కురిసింది, మందలు ఎప్పుడు వచ్చి వెళ్లాయి, ఏయే గడ్డి ఉంది అన్నవి రాసి పెట్టాలి. గడ్డి పేర్లకు ఆ ఊళ్లో గొర్రెలు కాసేవారిని అడగాలి. వారు చెప్పిన పేరు ఎలా పలికారో అలాగే రాసుకోవాలి. శాస్త్రీయనామాన్ని ఆ తర్వాత వెన్ను చూసి జతచేయవచ్చు.